కరెంటు నాలుగు రోజులు రాకపోతే

(వానాకాలం మొదలయ్యే ముందు చెన్నైలో కొన్ని తెలుగు కుటుంబాలు కలిసి పెట్టుకున్న సభలో, విద్యుత్ పంపిణీలో పనిచేసి రిటైరైన ఒక ఇంజనీరు మాట్లాడిన మాటల పాఠం. చివర్లో వచ్చిన ప్రశ్నల్లో కొన్నింటినీ చేర్చాం.)

అందరికీ నమస్కారం.

నన్ను పిలిచినప్పుడు "ఏ ఇన్వర్టర్ కొనాలో, ఎంత బ్యాటరీ పెట్టుకోవాలో చెప్పండి సార్, మాకు అదే కావాలి" అన్నారు. అదీ చెప్తాను. దానికి ముందు మిమ్మల్ని ఒక మాట అడగాలి. మీ అపార్ట్‌మెంటులో కరెంటు పోయి ఒక రోజు దాటితే, అందరికంటే ముందు ప్రాణం మీదికి వచ్చేది ఎవరికి? ఏ ఫ్లాట్‌లో ఉంటారు వాళ్ళు? తెలిసినవాళ్ళు చెయ్యెత్తండి.

ఐదారు చేతులు కనిపిస్తున్నాయి. ఈ సభలో ఇంతమంది ఉన్నాం కదా. మిగిలినవాళ్ళు కూడా ఇంటికి వెళ్ళి ఆ మనిషి ఎవరో కనుక్కోవాలన్నదే నా కోరిక. ఇన్వర్టర్లు, బ్యాటరీలు, జనరేటర్లు అన్నీ ఆ తర్వాతే.

మన ఊళ్ళల్లో చలికాలం అంటే పొగమంచు, రగ్గులు, భోగిమంట. చెన్నైలో ఆ నెలలు వాన నెలలు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు, వాటితోపాటు బంగాళాఖాతంలో తుఫాన్లు. 2015 డిసెంబరు మొదటి రోజుల్లో అడయారు నది పొంగి ఊరు ఎలా మునిగిందో మీలో చాలామంది కళ్ళారా చూశారు. 2016 డిసెంబరు 12న వర్దా వచ్చింది. 2023 డిసెంబరు 4న మిచాంగ్ మన మీద కుండపోతగా కురిసి, మర్నాడు బాపట్ల దగ్గర తీరం దాటింది. ఆ రెండు రోజులూ ఇక్కడ మనం, అక్కడ మనవాళ్ళు, ఒకరి ఫోను ఒకరికి కలవక పడిన టెన్షన్ నాకు తెలుసు.

వర్దాకీ మిచాంగ్‌కీ కరెంటు పోవడంలో పెద్ద తేడా ఉంది. వర్దా గాలి తుఫాను. గంటకు 100 కిలోమీటర్లు దాటిన గాలికి నగరంలో వేల చెట్లు కూలాయి. స్తంభాలు విరిగాయి, తీగలు తెగాయి. శివార్లలో కొన్నిచోట్ల కరెంటు రావడానికి వారం పైన పట్టింది. మిచాంగ్‌లో స్తంభాలు చాలాచోట్ల నిలబడే ఉన్నాయి. కానీ వేళచ్చేరి, పళ్ళికరణై, ముడిచ్చూరు వైపు రోజుల తరబడి నీళ్ళు దిగలేదు. నీళ్ళు దిగకుండా కరెంటు ఇవ్వలేరు. నగరంలో చాలా వీధుల్లో కేబుళ్ళు భూమిలో ఉంటాయి. పేవ్‌మెంటు మీద నడుం ఎత్తున ఇనప డబ్బాలు చూస్తుంటారు కదా, పిల్లర్ బాక్సులు అవి. కింది కేబుల్ నుంచి మీ ఇంటికి కరెంటు విడిపోయేది అక్కడే. దాంట్లోకి నీళ్ళు చేరాక కరెంటు వదిలితే వీధిలో నడిచేవాడు బతకడు. అందుకే ఈబీ వాళ్ళు, అంటే కరెంటు బోర్డు వాళ్ళు, కావాలనే ఆపుతారు. "మా వీధిలో ఏమీ తెగలేదు, ఎందుకు ఆపారు?" అని ఆ రోజుల్లో వాళ్ళ మీద అరిచినవాళ్ళని చూశాను. ఆ ఆపడం వల్ల బతికిపోయినవాళ్ళు ఎవరో మనకు ఎప్పటికీ తెలియదు.

ఇంకొక మాట కూడా బాగా వినిపిస్తుంది, "ఎదురింట్లో లైట్లు వెలుగుతున్నాయి, మాకెందుకు లేదు?" అని. సబ్‌స్టేషన్ బాగవ్వాలి, తర్వాత అక్కడి నుంచి వచ్చే 11 వేల వోల్టుల లైను, అంటే ఫీడరు, తర్వాత మీ వీధి ట్రాన్స్‌ఫార్మరు, ఆ తర్వాత మీ ఇంటికి వచ్చే తీగ. కాలువ నీళ్ళు శివారు పొలానికి ఆఖర్న చేరినట్టే ఇదీ. ఎదురిల్లు వేరే ట్రాన్స్‌ఫార్మరు మీద ఉండొచ్చు, వేరే ఫేజు, అంటే అదే ట్రాన్స్‌ఫార్మరు నుంచి వచ్చే మూడు కరెంటు తీగల్లో ఇంకోదాని మీద ఉండొచ్చు. ఆసుపత్రులు, నీళ్ళు తోడే స్టేషన్లు ముందు, ఇళ్ళు తర్వాత. కాబట్టి ఫిర్యాదు చేసేటప్పుడు "కరెంటు లేదు" అని ఊరుకోకండి. మీ సర్వీస్ నంబరు చెప్పండి. వీధి మొత్తం పోయిందా, మీ ఒక్క ఇల్లేనా చెప్పండి. తీగ తెగి కింద పడి ఉంటే ఆ మాటే ముందు చెప్పండి. తమిళనాడులో కరెంటు ఫిర్యాదులు తీసుకునే కేంద్రం మిన్నగం, దాని నంబరు 94987 94987. కరెంటు బిల్లు మీద సర్వీస్ నంబరు ఉంటుంది. కరెంటు పోయాక ఆ బిల్లు ఫోన్‌లో వెతకాలంటే కుదరకపోవచ్చు, ఇవాళే ఒక కాగితం మీద రాసి తలుపు వెనక అంటించండి.

ఇప్పుడు మొదట అడిగిన ప్రశ్నకు వస్తాను.

ఇళ్ళల్లో ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్, అంటే గాలిలోంచి ఆక్సిజన్ తీసి ఇచ్చే మెషీను, పెట్టుకున్నవాళ్ళు కోవిడ్ తర్వాత బాగా పెరిగారు. ఆ మెషీను గంటకు 300 నుంచి 400 వాట్‌అవర్ల దాకా తీసుకుంటుంది (ఒక వాటు వస్తువు గంటసేపు వాడే కరెంటే ఒక వాట్‌అవర్). మీ ఇంట్లో మామూలుగా ఉండే 150 ఆంపియర్ అవర్ల బ్యాటరీ ఒక్కటి దాన్ని మూడు, మూడున్నర గంటలు నడుపుతుంది. అంతే. "మాకు ఇన్వర్టర్ ఉంది కదా" అన్న ధైర్యంతో ఒక పెద్దాయన్ని మూడో అంతస్తులో ఉంచుకుంటే, మూడున్నర గంటల తర్వాత ఏం చేస్తారు? లిఫ్టు నడవదు. వీధిలో నీళ్ళు. అంబులెన్సు లోపలికి రాదు. అందుకే వాళ్ళకు సిలిండరు ఉండాలి, ఇన్వర్టరు దానికి తోడు మాత్రమే. 1500 లీటర్లు పట్టే చిన్న సిలిండరు నిమిషానికి రెండు లీటర్ల చొప్పున వాడితే 12 గంటలు దాటి వస్తుంది. అలాంటివి రెండు, రెగ్యులేటరుతో సహా, ఇంట్లో ఉండాలి. ఆ రెగ్యులేటరు తిప్పడం ఇంట్లో ఇద్దరికైనా రావాలి. ఇంకా మంచిది, తుఫాను హెచ్చరిక రాగానే, కరెంటు ఉన్నప్పుడే, ఆ మనిషిని నీళ్ళు నిలవని వీధిలో, కింది అంతస్తులో కాకుండా పైన ఉండే బంధువుల ఇంటికి మార్చెయ్యండి. మొహమాటం వద్దు. "తుఫాను రాకపోతే అనవసరంగా శ్రమ కదా" అనుకోవద్దు.

డయాలసిస్ చేయించుకునేవాళ్ళుంటే హెచ్చరిక వచ్చిన రోజే ఆసుపత్రికి ఫోను చేసి, ఒక రోజు ముందుగా చేయిస్తారా అని అడగండి. నెలలు నిండిన గర్భిణిని పుట్టింటి మీద మమకారంతో పల్లపు వీధిలో ఉంచకండి. మంచం మీద ఉన్నవాళ్ళకి గాలి పరుపు వాడుతుంటే, పుండ్లు పడకుండా ఉండడానికి వాడతారు కదా, దానికి కూడా చిన్న పంపు ఉంటుంది. కరెంటు పోతే పరుపు చదునైపోతుంది. అప్పుడు రెండు గంటలకోసారి మనిషిని పక్కకు తిప్పాలి. ఒక్కరే చూసుకునే ఇంట్లో రాత్రంతా అది కుదరదు, పక్క ఫ్లాటు వాళ్ళు వంతు తీసుకోవాలి.

ఇన్సులిన్ గురించి చాలామందికి భయం ఉంది. ఫ్రిజ్ ఆగిపోయిందని మందు పారేశాం అన్నవాళ్ళున్నారు. వాడుకలో ఉన్న ఇన్సులిన్ సీసా గానీ పెన్ను గానీ చాలా రకాల్లో మామూలు గది వేడిలో దాదాపు నాలుగు వారాలు నిలుస్తుంది. డిసెంబరులో మన ఇళ్ళల్లో వేడి అంత ఎక్కువ ఉండదు కూడా. పెట్టెలో ఉండే కాగితం మీద ఎన్ని డిగ్రీల దాకా అని రాసి ఉంటుంది, చదవండి, మీ డాక్టరుగారిని ముందే అడిగి పెట్టుకోండి. చెయ్యకూడనిది ఒకటుంది, దాన్ని నేరుగా ఐసు మీద పెట్టడం. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ తర్వాత కరిగినా పనికిరాదు. తడి గుడ్డ చుట్టిన మట్టి కుండలో, నీళ్ళు తగలకుండా కవరులో పెట్టి ఉంచితే చాలు.

ఈ వివరాలన్నీ ఎవరి దగ్గర ఉండాలి? నోటీసు బోర్డు మీద పెట్టమనడం లేదు. ఎవరి జబ్బు వాళ్ళ సొంత విషయం. అసోసియేషన్‌లో నమ్మకమైన ఇద్దరు మనుషులు, ప్రతి ఫ్లాటుకూ వెళ్ళి, "కరెంటు లేకపోతే మీకు ఏది ఆగిపోతే ప్రమాదం?" అని అడిగి ఒక పుస్తకంలో రాసుకుంటే సరిపోతుంది. అద్దెకున్నవాళ్ళనీ అడగాలి. ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళనీ అడగాలి. మన తెలుగు కుటుంబాల్లో పిల్లలు అమెరికాలో, అమ్మానాన్నలు ఇక్కడ ఉన్న ఇళ్ళు ఎన్నో. ఆ తలుపు కొట్టేవాడు పక్కింటివాడే కావాలి.

సరే, ఇన్వర్టరు. లెక్క చెప్తాను, కష్టమైంది కాదు. 12 వోల్టులు, 150 ఆంపియర్ అవర్లు. రెండూ గుణిస్తే 1800 వాట్‌అవర్లు. అందులో మనకు చేతికొచ్చేది 1200 అనుకోండి. బ్యాటరీని అడుగంటా వాడితే పాడవుతుంది, మార్పిడిలో కొంత పోతుంది. పాత రకం ఫ్యాను 75 వాట్లు. రెండు ఫ్యాన్లు, నాలుగు లైట్లు, ఒక టీవీ వేసుకుని కూర్చుంటే నాలుగున్నర గంటల్లో మొత్తం ఖాళీ. మామూలు కోతకు అది చాలు. నాలుగు రోజుల కోతకు ఆ అలవాటు పనికిరాదు.

అదే బ్యాటరీని పొదుపుగా వాడి చూడండి. అందరూ ఒకే గదిలో పడుకోవాలి. తక్కువ కరెంటుతో తిరిగే కొత్త రకం, 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాను ఒకటి రాత్రి 8 గంటలు, అంటే 240. తొమ్మిది వాట్ల లైట్లు రెండు 5 గంటలు, అంటే 90. నాలుగు ఫోన్లు ఛార్జి చెయ్యడానికి ఓ 80. మొత్తం 410. చూడగానే మూడు రోజులు వస్తుందనిపిస్తుంది. రాదు. ఎందుకంటే ఇన్వర్టరు ఏ పనీ చెయ్యకుండా ఆన్‌లో ఉన్నా తనకోసం తాను దాదాపు 15 వాట్లు తింటుంది. రోజంతా ఆన్‌లో ఉంచితే 360 వాట్‌అవర్లు, మీ ఫ్యాను రాత్రంతా తిరిగినదానికంటే ఎక్కువ, ఊరికే పోతుంది. ఈ సంగతి అమ్మేవాళ్ళు చెప్పరు. పగలు వెలుతురు ఉన్నంతసేపూ ఇన్వర్టరు ముందున్న బటన్ నొక్కి ఆపెయ్యండి. సాయంత్రం వేసుకోండి. అలా చేస్తే ఒక్క బ్యాటరీతో దాదాపు రెండు రోజులు నడుస్తుంది. ఫ్యాను మార్చడానికి మూడు వేల రూపాయలు ఖర్చు పెట్టడం, ఇంకో బ్యాటరీ కొనడంకంటే చౌక. కాబట్టి నన్నడిగితే, ముందు ఫ్యాను మార్చండి, తర్వాత ఇన్వర్టరు సంగతి.

ఆ బ్యాటరీ ఎక్కడ ఉందో కూడా చూడండి. గ్రౌండ్ ఫ్లోరు ఇళ్ళల్లో నేల మీద ట్రాలీలో ఉంటుంది. అడుగు నీళ్ళు వస్తే పోతుంది. గట్టి అరుగు కట్టి పైకెక్కించండి. మూసిన అల్మరాలో పెట్టకండి, ఛార్జి అయ్యేటప్పుడు హైడ్రోజన్ వస్తుంది, గాలి ఆడాలి. డిస్టిల్డ్ వాటర్ అక్టోబరులోనే పోయించండి.

లైటు లేకపోతే సర్దుకుంటాం. నీళ్ళు లేకపోతే రెండో రోజుకే ఇల్లు ఇల్లులా ఉండదు. అపార్ట్‌మెంట్లలో సంపు నుంచి పైట్యాంకుకు నీళ్ళెక్కాలంటే మోటారు కావాలి. ఒక హెచ్‌పీ మోటారు నడవడానికి ఒక కిలోవాటు దాకా తీసుకుంటుంది. స్టార్టయ్యే క్షణంలో దానికి ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది. ఇంటి ఇన్వర్టరుతో అది లేవదు, ప్రయత్నిస్తే ఇన్వర్టరే కాలిపోవచ్చు. అందుకని హెచ్చరిక రాగానే ట్యాంకు నింపి, నింపాక కింది వాల్వు కట్టెయ్యాలి. పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట వదలాలి. ఎందుకంటే పైట్యాంకు అందరిదీ. ఎవరో ఒకరి బాత్రూంలో ఫ్లష్ కారుతుంటే చాలు, తెల్లారేసరికి పది కుటుంబాల నీళ్ళు కాలవలో కలిసిపోతాయి. ఒక మనిషికి తాగడానికి, వంటకి, కడుక్కోవడానికి అన్నీ కలిపి కనీసం రోజుకు 15 లీటర్లు కావాలి. నలుగురున్న ఇంటికి నాలుగు రోజులకు 240 లీటర్లు. బాత్రూంలో రెండు పెద్ద డ్రమ్ములు, వంటింట్లో నాలుగు మంచినీళ్ళ క్యాన్లు, ఇంతే. బట్టలు పిండిన నీళ్ళు, గిన్నెలు కడిగిన నీళ్ళు పారబోయకండి, టాయ్‌లెట్‌కి పనికొస్తాయి. ఆర్‌ఓ మెషీను నడవదు కాబట్టి తాగేవి కాచుకోవాలి, బాగా మరిగాక ఒక నిమిషం ఉంచాలి. సంపులోకి వీధి నీళ్ళు చేరాయనిపిస్తే ఆ సంపు నీళ్ళు ఎంత కాచినా తాగకండి. మురుగుతోపాటు ఏ మందులు, ఏ నూనెలు కలిశాయో చెప్పలేం. సంపు శుభ్రం చేసి క్లోరిన్ వేసేదాకా ఆగాలి.

పాత చెన్నై ఇళ్ళల్లో, పెరంబూరులో, విల్లివాక్కంలో, మైలాపూరు సందుల్లో చేతి పంపులు ఇంకా ఉన్నాయి. ఇల్లు బాగు చేయించేటప్పుడు "ఇదెందుకు, చోటు దండగ" అని పీకించేస్తున్నారు. దయచేసి పీకించకండి. కరెంటు అక్కర్లేకుండా నీళ్ళిచ్చేది మన ఇంట్లో అదొక్కటే. వాషరు వేయించి, నెలకోసారి కొట్టి చూడండి.

జనరేటరు దగ్గర నేను కాస్త గట్టిగానే మాట్లాడతాను, ఏమనుకోవద్దు. చిన్న పెట్రోలు జనరేటరు అద్దెకు తెచ్చి, రెండు పక్కలా ప్లగ్గు ఉన్న వైరుతో గోడ సాకెట్‌లోకి గుచ్చి ఇల్లంతా వెలిగించుకునేవాళ్ళున్నారు. మెయిన్ స్విచ్ ఆపడం మర్చిపోతే ఆ కరెంటు మీటరు దాటి వీధిలోకి వెళ్తుంది. ట్రాన్స్‌ఫార్మరుకి ఇటు నుంచి 230 వోల్టులు తగిలితే అటు 11 వేలు అవుతుంది. లైను ఆపారు కదా అని ధైర్యంగా తీగ పట్టుకున్న లైన్‌మ్యాన్ అక్కడికక్కడే పోతాడు. తుఫాను రోజుల్లో ఆ స్తంభం ఎక్కేవాళ్ళు ఎక్కడెక్కడి జిల్లాల నుంచో వచ్చి, సరిగ్గా నిద్ర, తిండి లేకుండా పనిచేస్తుంటారు. నా ఉద్యోగం అంతా వాళ్ళతోనే గడిచింది. వాళ్ళ ఇళ్ళకు వెళ్ళి ఆ వార్త చెప్పాల్సి రావడం ఎలా ఉంటుందో నేను వర్ణించలేను. ఛేంజోవర్ స్విచ్, అంటే ఇంటికి ఈబీ లైను గానీ జనరేటరు గానీ ఏదో ఒక్కటే కలిసేలా చేసే స్విచ్, లేకుండా ఇంటి వైరింగుకు జనరేటరు తగిలించకండి. ఆ స్విచ్ పెట్టించే స్థోమత లేకపోతే, జనరేటరు నుంచి ఒక ఎక్స్‌టెన్షన్ బాక్సు లాగి, కావాల్సిన రెండు వస్తువులు దానికే పెట్టుకోండి.

జనరేటరు పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, కళ్ళు తిరగడం, తర్వాత నిద్ర, ఆ నిద్రలోంచి లేవరు. బాల్కనీ బయటే కదా అనుకుంటారు. బాల్కనీని బయట అని లెక్కపెట్టకూడదు. ఫ్లాట్ల మధ్య గాలి కోసం వదిలే సందు, డక్టు, అదీ అంతే. వెంటిలేటరు తెరిచి ఉన్న పై ఫ్లాటువాళ్ళు ఏ పాపమూ ఎరుగరు. ఆరుబయట, కిటికీలకు దూరంగా, వాన తగలకుండా పైకప్పు కింద, అంతకు మించి చోటు లేదు. అపార్ట్‌మెంటు పెద్ద జనరేటరు ఉన్నా దాని ప్యానెలు ఎక్కడ ఉందో చూడండి. చాలా బిల్డింగుల్లో సెల్లారులో ఉంటుంది. మీటరు బోర్డులు స్టిల్ట్ పార్కింగులో, అంటే బిల్డింగు కింద స్తంభాల మధ్య బండ్లు పెట్టే చోట, మోకాలెత్తున ఉంటాయి. నీళ్ళు ముందు చేరేది అక్కడికే. వాటిని పైకి మార్పించడానికి ఈబీ అనుమతితో, లైసెన్సున్న కాంట్రాక్టరుతో చేయిస్తే ఖర్చవుతుంది, నిజమే. వాచ్‌మ్యాన్ కుటుంబం ఆ స్టిల్ట్‌లోనే పడుకుంటుందన్న సంగతి గుర్తుపెట్టుకుని ఆ ఖర్చు గురించి మాట్లాడుకోండి. నీళ్ళు వచ్చాక మాత్రం ఎవరూ ఆ బోర్డు దగ్గరికి వెళ్ళి మెయిన్ ఆపే సాహసం చెయ్యొద్దు. నీళ్ళలో నిలబడి స్విచ్ ముట్టుకోకూడదు, అంతే. ఫోను చేసి బయటి నుంచి ఆపించండి.

ఇంట్లో ఆర్‌సీసీబీ, అంటే షాకు కొడితే కరెంటు వెంటనే ఆపేసే స్విచ్, ఉందా? 30 మిల్లీ ఆంపియర్లది. దాని మీద చిన్న టెస్ట్ బటన్ ఉంటుంది. నొక్కితే టక్కున పడాలి. పడకపోతే మార్పించండి. ఇది మీ ఇంటి లోపలి షాకునే ఆపుతుంది, వీధి తీగని కాదు. వీధిలో తీగ పడి ఉంటే కనీసం పది మీటర్లు దూరం. దగ్గరికి వచ్చేశాక తెలిస్తే పెద్ద అంగలు వేసి పరుగెత్తకండి, రెండు కాళ్ళూ దగ్గరగా పెట్టి చిన్నగా జరుపుకుంటూ వెనక్కి రండి. నేలలో ఒక కాలికీ ఇంకో కాలికీ మధ్య వోల్టేజీ తేడా ఉంటుంది, అంగ పెద్దదైతే షాకు పెద్దదవుతుంది.

తిండి గురించి మన ఆడవాళ్ళకు నేను చెప్పేదేముంది. ఫ్రిజ్ మాటిమాటికి తెరవకపోతే నాలుగు గంటలు చల్లగా ఉంటుంది. పాలు, కూరలు, మాంసం ముందు వండెయ్యండి. మిక్సీ లేదు కాబట్టి కందిపొడి, నువ్వులపొడి ముందే చేసి ఉంచుకుంటే వేడన్నంలో గడిచిపోతుంది. ఇండక్షన్ స్టవ్వు ఒక్కదాని మీదే ఆధారపడ్డవాళ్ళు చిన్న గ్యాసు సిలిండరైనా పెట్టుకోవాలి. చంటిపిల్లలున్న ఇంట్లో పాలపొడి ఉండాలి, మిచాంగ్ అప్పుడు పాల ప్యాకెట్టు కోసం ఎంత తిరిగారో మీకు తెలుసు. నోట్లు కూడా ఉంచుకోండి, పదులు, ఇరవైలు, యాభైలు. వర్దా వచ్చేసరికి పెద్ద నోట్ల రద్దు జరిగి నెల దాటింది. చేతిలో నగదు లేదు, కరెంటు లేక కార్డు మెషీన్లు పనిచెయ్యలేదు. ఇప్పుడు కార్డు బదులు ఫోను, అంతే తేడా.

సెల్ టవర్లకు బ్యాటరీ కొన్ని గంటలే. తర్వాత డీజిలు, అది అక్కడికి చేరితే. పాత రాగి తీగ ల్యాండ్‌లైనుకు ఎక్స్ఛేంజి నుంచే కరెంటు వచ్చేది, ఇప్పటి ఫైబరుకు మీ ఇంట్లో కరెంటు ఉండాలి. ఇంట్లో ఒక్క ఫోనే ఆన్‌లో పెట్టి మిగతావి ఆపండి. మాట కలవకపోయినా ఎస్ఎంఎస్ వెళ్తుంది. దూరంగా ఉన్న పిల్లలకు "రోజూ ఉదయం ఎనిమిదికి, రాత్రి ఎనిమిదికి ఒక మెసేజి పెడతాం, మధ్యలో ఫోను చెయ్యకండి" అని ముందే చెప్పండి. వాళ్ళు కంగారుతో చేసే ఫోన్లకే సగం బ్యాటరీ అయిపోతుంది.

కరెంటు వచ్చిందనగానే అన్నీ ఒకేసారి వెయ్యకండి. ఫ్రిజ్, ఏసీ, మోటారు స్విచ్‌లు కోత మొదలైనప్పుడే ఆపి ఉంచండి, ఒక్క బల్బు వేసి ఉంచండి. అది వెలిగాక పావుగంట చూడండి. బల్బు మామూలుకంటే మరీ కాంతిగా వెలుగుతుంటే వెంటనే మెయిన్ ఆపండి, కరెంటు తిరిగి వెళ్ళే తీగ, న్యూట్రల్, తెగి ఉండొచ్చు. అప్పుడు మీ ఇంట్లోకి 230 బదులు 400 దాకా వోల్టులు రావచ్చు. నీళ్ళు తగిలిన సాకెట్లు ఎండేదాకా, ఎలక్ట్రీషియన్ చూసేదాకా వాడొద్దు.

ఇక ప్రశ్నలు అడగండి.

(ఒక అమ్మగారు: మా అబ్బాయి డల్లాస్‌లో ఉంటాడండి. అక్కడ చలికాలంలో కరెంటు పోతే ఏం చెయ్యాలి? వాడికి ఏం చెప్పమంటారు?)

మంచి ప్రశ్న అమ్మా. మనకు ఇక్కడ శత్రువు నీళ్ళు, వాళ్ళకు చలి. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌లో మంచుకు కరెంటు ప్లాంట్లు, గ్యాసు సరఫరా గడ్డకట్టి 45 లక్షలకు పైగా ఇళ్ళకూ దుకాణాలకూ కరెంటు పోయింది. 246 మంది చనిపోయారని ఆ రాష్ట్ర ఆరోగ్య శాఖ లెక్క తేల్చింది. ఎక్కువమంది చలికే పోయారు. కొందరు మాత్రం చలికి తట్టుకోలేక చేసిన పనివల్ల పోయారు. గ్యారేజీలో కారు ఆన్ చేసి వెచ్చగా కూర్చోవడం, ఇంట్లో బొగ్గుల పొయ్యి వెలిగించడం. ఇందాక చెప్పిన కార్బన్ మోనాక్సైడే. గ్యారేజీ తలుపు తెరిచి ఉన్నా సరే వద్దని చెప్పండి. వంట గ్యాసు పొయ్యిని హీటరులా వాడొద్దని చెప్పండి. బ్యాటరీతో నడిచే కార్బన్ మోనాక్సైడ్ అలారం పడక గదుల దగ్గర ఉండాలి. ఇంట్లో అందరూ ఒక చిన్న గదిలోకి చేరి, తలుపు కింద సందులో దుప్పటి దోపి, ఒకదాని మీద ఒకటి బట్టలు వేసుకోవాలి. చంటిబిడ్డ ఉంటే మరీ ముందుగా కరెంటున్న స్నేహితుల ఇంటికి వెళ్ళిపోవాలి. కుళాయి సన్నటి ధారగా వదిలి ఉంచాలి, లేకపోతే పైపులో నీళ్ళు గడ్డకట్టి పగిలిపోతుంది. ఇంటికి నీళ్ళు వచ్చే మెయిన్ వాల్వు ఎక్కడుందో ఇవాళే చూసుకోమనండి. కెనడాలో క్యూబెక్‌లో 1998 జనవరిలో తీగల మీద మంచు పేరుకుని టవర్లే కూలాయి, కొన్ని ఇళ్ళకు నెల దాటాక గానీ కరెంటు రాలేదు. అలాంటి చోట్ల ఇంట్లోనే ఉంటామని పట్టు పట్టకూడదు. ఊరివాళ్ళు తెరిచే వెచ్చని శిబిరానికి వెళ్ళడం నామోషీ కాదని మీరు చెప్తే వింటాడు.

(ఒక పెద్దాయన: కొవ్వొత్తులు వాడొచ్చా? మాకు వాటి అలవాటే.)

దోమతెర ఉన్న గదిలో మాత్రం వద్దండి. వానల తర్వాత డెంగీ భయం, అందరూ తెరలు కడతారు, పక్కనే కొవ్వొత్తి పెడతారు. బ్యాటరీ లాంతరు ఒకటి కొనండి. తప్పనిసరైతే నీళ్ళున్న పళ్ళెంలో కొవ్వొత్తి నిలబెట్టి, మీరు మెలకువగా ఉన్నంతసేపే.

(ఒక యువకుడు: మా ఇంటి మీద సోలార్ పెట్టించాం సార్. మూడు కిలోవాట్లు. మాకు కోత బాధ లేనట్టేనా?)

బాబూ, బ్యాటరీ పెట్టారా? లేదు కదా. అయితే ఈబీ కరెంటు పోయిన క్షణమే మీ సోలార్ కూడా ఆగిపోతుంది, ఎండ ఎంత కాసినా సరే. అది లోపం కాదు. ఇందాక లైన్‌మ్యాన్ గురించి చెప్పాను కదా, మీ ప్యానెళ్ళ కరెంటు ఆగిపోయిన లైనులోకి వెళ్ళకుండా ఇన్వర్టరు తనంతట తానే ఆగాలని నియమం. ఆన్‌గ్రిడ్ అంటే అదే. 2024లో ఇళ్ళ మీద సోలార్‌కు కేంద్ర ప్రభుత్వం సాయం చేసే పీఎం సూర్యఘర్ పథకం వచ్చాక చాలామంది పెట్టించుకుంటున్నారు, మంచి పని, బిల్లు తగ్గుతుంది. కానీ కోతలో వెలగాలంటే ఈబీ కరెంటు లేకపోయినా నడిచే హైబ్రిడ్ ఇన్వర్టరు, దానికి బ్యాటరీ కావాలి, ఖర్చు బాగా పెరుగుతుంది. తుఫాను రోజుల్లో మబ్బు వల్ల ప్యానెళ్ళు ఇచ్చేది కూడా బాగా తక్కువే, దాన్నీ లెక్కలోకి తీసుకోవాలి. అయినా మూడో రోజు కాస్త ఎండ వచ్చినప్పుడు బిల్డింగు అందరి ఫోన్లకూ, ఆ పై అంతస్తు పెద్దాయన మెషీనుకూ కాసేపు అందుతుందంటే పెట్టదగ్గ ఖర్చే. పెట్టించేటప్పుడు ఆఖరి వాయిదా కట్టే ముందు, పగటిపూట మెయిన్ ఆపించి, మీ కళ్ళ ముందే ఫ్యాను తిరుగుతుందో లేదో చూపించమనండి.